దోర్నాలలో పులి పేరుతో పోయిన పదిహేను వందలు

శ్రీశైలం దారిలో నల్లమల అడవి అంచున ఉన్న దోర్నాలలో మేము దిగిన లాడ్జిలో గది అద్దె 1,800 రూపాయలు. ఏసీ ఉందన్నారు గానీ రాత్రంతా వేడిగాలే. కుళాయిలో నీళ్లు రాక బకెట్ల కోసం కిందికీ పైకీ తిరిగాం. అవన్నీ ఓర్చుకున్నాం. ఓర్చుకోలేనిది వేరే ఉంది. చీకటి పడ్డాక కారులో అడవిలోకి తీసుకెళ్లి, సెర్చిలైటు వేసి పెద్దపులిని తప్పకుండా చూపిస్తామని మేనేజరు మా మరిదితో నాలుగు వేలకు బేరం కుదుర్చుకుని, 1,500 అడ్వాన్సు పుచ్చుకున్నాడు.

దోర్నాల–శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ కొన్ని గంటలైనా జంతువులు చక్రాల కింద పడకుండా రోడ్డు దాటాలని ఆ నియమం. అదే మాట అంటే మేనేజరు, "గేటు దగ్గర మనవాళ్లున్నారమ్మా" అన్నాడు. అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని చెప్పి, డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. కారు మాట్లాడేశాం, ఇవ్వడం కుదరదన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మరిది అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. పులి కనబడదన్న దిగులే తప్ప, జరిగింది మోసమన్న బాధ అతనికి లేదు.

మర్నాడు పొద్దున అటవీశాఖ వాళ్ల తుమ్మలబైలు సఫారీకి వెళ్లాం. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు ఇచ్చారు. జీపులో మాతో వచ్చిన చెంచు ట్రాకర్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒకచోట ఇంజను ఆపించి మెత్తటి మట్టిలో పులి అడుగు చూపించాడు. పక్కనే చిన్న అడుగులూ ఉన్నాయి. "పిల్లల తల్లి సార్. ముందుకు పోవద్దు" అని జీపు వెనక్కి తిప్పించాడు. దిగి ఫోటో తీసుకుంటానన్న మరిదికి గట్టిగానే అడ్డు చెప్పాడు. మా సఫారీ అలా సగంలోనే ముగిసింది. నాకు మాత్రం ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది.

తిరుగుదారిలో నేను అడిగిన కొద్దీ చెప్పాడు. పులులను లెక్కపెట్టే కెమెరాలను దారికి రెండు వైపులా ఎదురెదురుగా కడతారట. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు, ఒకే పులికి కుడి పక్క చారలు ఎడమ పక్కకు రావు, అందుకని. పులికి వారానికి దాదాపు ఒక దుప్పి కావాలి. దుప్పికి గడ్డి కావాలి, వేసవిలో నీళ్లు కావాలి. అందుకే ఎండలు ముదరకముందే మంట పాకకుండా గడ్డీ ఆకులూ తీసేసి ఫైర్ లైన్లు గీస్తారు, సాసర్ పిట్లలో, అంటే జంతువులు తాగే లోతులేని తొట్లలో, నీళ్లు నింపుతారు. 2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులుంటే, అందులో 58 ఈ నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలోనివే. ఆ లెక్క వెనుక ఇలాంటి వాళ్ల కాళ్ల కష్టం ఉంది.

ఒంగోలు వాళ్లకు ఒక మాట. గుండ్లకమ్మ నది పుట్టింది ఈ నల్లమలలోనే. ఆ నీటితో కంభం చెరువు నిండినా, మల్లవరం రిజర్వాయరుకు నీళ్లు చేరినా ఈ అడవి చలవే. ఇది పులుల గొడవ, మనకెందుకు అనుకోవద్దు.

మార్కాపురంలో ఒక చిన్న మెస్‌లో జొన్నరొట్టె, గోంగూర పప్పు, ఎండుమిరపకాయల పచ్చడి తిన్నాం. మనిషికి 110 రూపాయలు. రెండో రొట్టె అడగకముందే వడ్డించారు. మరిది మొహం అక్కడే తేటపడింది. శ్రీశైలం దర్శనం ఇబ్బంది లేకుండా అయింది.

ఈసారి వెళితే బస మార్కాపురంలోనే తీసుకుంటాను. తెల్లవారుజామున బయలుదేరితే ఆరింటికి గేటు తీసే వేళకు దోర్నాల చేరవచ్చు. ప్లాస్టిక్ సీసాలు వద్దు, స్టీలువి పట్టుకెళ్లండి. పులిని తప్పకుండా చూపిస్తామన్న వాళ్లకు ఒక్క రూపాయి కూడా ముందుగా ఇవ్వకండి. జూలై నుంచి సెప్టెంబరు వరకు పులులు జతకట్టే కాలమని అడవిలోకి ఎవరినీ రానివ్వరు. ఆ నెలల్లో ఎవరైనా సఫారీ ఉందని ఫోను చేస్తే, వెంటనే అటవీశాఖకు చెప్పండి.