‘ముందు లోపలిది ఇటివ్వండి’: జిల్లా పేపర్ మీద నా రివ్యూ

మాది చిలకలూరిపేటలో ఎరువులు, పురుగుమందుల షాపు. పొద్దున్నే రైతులొచ్చి కూర్చుంటారు కాబట్టి పేపర్లు వేయించక తప్పదు. మెయిన్ పేపర్ మడత నలగకుండా బల్ల మీదే పడి ఉంటుంది. లోపల పెట్టి ఇచ్చే జిల్లా టాబ్లాయిడ్ మాత్రం పది గంటలకల్లా ఏ కాగితానికా కాగితం విడిపోయి తలా ఒకరి చేతిలో ఉంటుంది. ఈ రివ్యూ ఆ చిన్న పేపర్ గురించే.

బొంబాయి టాబ్లాయిడ్ల తీరు వేరు. 1959లో నేవీ అధికారి నానావతి మీద పడిన హత్య కేసును బ్లిట్జ్ పత్రిక వారం వారం నడిపించి ఊరంతా దాని గురించే మాట్లాడుకునేలా చేసింది. మన దగ్గర 1989లో ఈనాడు జిల్లాకో టాబ్లాయిడ్ మొదలుపెట్టింది, తర్వాత మిగతా పేపర్లూ అదే దారి పట్టాయి. ఇందులో సినిమా వాళ్ల గొడవలేం ఉండవు. పూడిక తీయని కాలువ, పనిచేయని బోరు, పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పక్కింటి పిల్ల ఫొటో, రేపు కరెంటు తీసే ఫీడర్ల పేర్లు. వీటి కోసమే జనం ఎగబడతారు. చిన్నచూపు చూడాల్సిన పనేం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే ఆ కబురు పల్లె పల్లెకూ చేరడంలో పేపర్ల పాత్ర పెద్దది. మరుసటి ఏడాదే రాష్ట్రంలో సారా ఆగింది.

మా షాపులో ముందు వెతికేది గుంటూరు మిర్చి యార్డు ధరలు. మిర్చి రకాల్లో తేజ ఎంత, 334 ఎంత, బాడిగ ఎంత, ఎన్ని బస్తాలొచ్చాయి. నిజానికి ఇవన్నీ ముందురోజే వాట్సాప్‌లో వచ్చేస్తాయి. అయినా అచ్చులో చూస్తేగానీ నమ్మరు. ధర తగ్గించి చెప్పే వ్యాపారి ముందు పెట్టడానికి ఫోన్ కంటే కాగితమే గట్టి సాక్ష్యమని వాళ్ల లెక్క.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక మజా కొంత పోయింది. మేం పల్నాడు జిల్లాలోకి వచ్చాం. నరసరావుపేట కలెక్టరేట్ సమీక్షలు పేజీలకు పేజీలు. మిర్చి అమ్మేది గుంటూరులో, పెద్ద జబ్బు చేస్తే పరిగెత్తేదీ గుంటూరుకే, ఆ ఊరి వార్తలు మాత్రం తగ్గిపోయాయి. పర్చూరు మాకు దగ్గరే, కానీ అది బాపట్ల జిల్లా. అక్కడ సాగర్ నీళ్లు అందక పొలం ఎండినా మా పేపర్లో కనిపించదు. కాలువకు లేని సరిహద్దు వార్తకెందుకో నాకు అర్థం కాదు.

ఇక యాడ్స్ సంగతి. ఉగాది, ఆగస్టు 15, నాయకుడి పుట్టినరోజు వస్తే పేపర్ మొత్తం నమస్కారం పెట్టే ఫొటోలే. మండల విలేకరులకు జీతమంటూ పెద్దగా ఉండదు. చాలామందికి రాసిన వార్త కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బులు, తెచ్చిన యాడ్ మీద కమీషన్, అంతే. నా దగ్గరికీ వస్తారు, పాపం మొహమాటంగానే అడుగుతారు. ఏటా యాడ్ ఇచ్చే షాపులో నకిలీ విత్తనాలు దొరికితే వాళ్లు షాపు పేరు రాయగలరా? మా దగ్గర ఓసారి ‘ఓ దుకాణంలో’ అని వచ్చింది. ఏ దుకాణమో పేటంతా తెలుసు, పేపర్‌కే తెలియదు! బెంగళూరులో 1980లో మొదలైన లంకేశ్ పత్రికె అసలు యాడ్స్ తీసుకోకుండానే నడిచింది. జిల్లా పేపర్ నుంచి అంత ఆశించను, కనీసం షాపు పేరైనా రాయాలి కదా.

మేం తెప్పించే వాటిలో ఒక పేపర్ కరోనా రోజుల్లో విడి టాబ్లాయిడ్ ఆపేసి, ఆ వార్తలను మెయిన్‌లో కలిపేసింది. వార్తలు అవే, పంచుకుని చదవడం పోయింది. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు టీ తాగుతూ ఎదురుచూడాలి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నరలో రెండు మిర్చి ధరలకే.

కొత్తగా పేపర్ వేయించుకునేవాళ్లు మెయిన్ చూసి ఎంచుకోకండి. పండగ, పుట్టినరోజు ఏవీ లేని మామూలు రోజున జిల్లా పేజీలు తీసి మీ మండలం వార్తలెన్ని, నాయకుల ఫొటోలెన్ని అని లెక్కపెట్టండి. ఆ లెక్క చూసే మా షాపులో ఒక పేపర్ మాన్పించాను.