మా కాలేజీ డాబా మీద సోలార్ ప్లేట్లకి సర్వీస్ చేసేవాళ్ళు: రెండేళ్ళు చూశాక రాస్తున్నా

ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తా, ముందు వీళ్ళ అవసరం మాకు ఎలా వచ్చిందో చెప్పాలి.

మాది విశాఖపట్నంలో మధురవాడ దాటాక ట్రస్టు వాళ్ళు నడిపే డిగ్రీ కాలేజీ. నేను ఫిజిక్స్ చెప్తాను, ఎకో క్లబ్ కూడా నా నెత్తినే ఉంది. 2018లో డాబా మీద 30 కిలోవాట్ల సోలార్ పెట్టించాం, 96 ప్లేట్లు, ఆ టైంలో మాలాంటి సంస్థలకి కూడా సెంట్రల్ గవర్నమెంట్ 30 శాతం సబ్సిడీ ఇచ్చేది కాబట్టే మేనేజ్‌మెంట్ సరే అంది. సైన్స్ బ్లాక్ మీద కూడా పెడదాం అని ఫైలు కదిపేసరికి 2019లో రూల్ మారిపోయింది, సబ్సిడీ ఇళ్ళకి మాత్రమే అన్నారు. 2021 అక్టోబర్‌లో సోలార్ సామాన్ల మీద జీఎస్టీ 5 నుంచి 12 చేశారు, మళ్ళీ 2025 సెప్టెంబర్‌లో 5కి దించారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ స్కీము కూడా ఇళ్ళకే, 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ. మా స్టాఫ్‌లో ముగ్గురు పెట్టించుకున్నారు, నాకు నిజంగా సంతోషం, కానీ కాలేజీకి అందులో ఒక్క రూపాయి లేదు. ఈలోపు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేటయిన ప్రతిసారీ మొదట కోత పడేది మెయింటెనెన్స్ మీదే. జీతాలు ఆపి ప్లేట్లు కడిగించండి అని నేను మాత్రం ఎలా అంటాను?

మొదట పెట్టిన కంపెనీ ఐదేళ్ళు ఫ్రీగా చూసుకుంటాం అని కాగితం మీద రాసిచ్చింది, రెండో ఏడాది నుంచే ఫోన్ ఎత్తడం మానేశారు. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ టీమ్ వస్తుందంటే ఆ వారం పిల్లలతో ప్లేట్లు కడిగించేవాళ్ళం, టీమ్ వెళ్ళాక మళ్ళీ ఎవరూ డాబా ఎక్కేవాళ్ళు కాదు. కొత్త ప్రిన్సిపాల్ గారు వచ్చాక "అమ్మా, కరెంటు బిల్లు తగ్గట్లేదు, ఇది పనిచేస్తుందా అసలు" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఆ రోజు చాలా బాధపడ్డాను.

అప్పుడు తెలిసినవాళ్ళు కంచరపాలెం వైపు ఉన్న వీళ్ళ షాపు గురించి చెప్పారు. చిన్న షాపు, ముగ్గురే మనుషులు. వచ్చినాయన ముందు కొటేషన్ ఇవ్వలేదు, తిన్నగా డాబా ఎక్కాడు. ఇన్వర్టర్ దగ్గర పచ్చ లైటు వెలుగుతోంది, మేమంతా అది చూసే అంతా బావుందనుకుంటున్నాం. ఆయన వైరు కొయ్యకుండానే కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తీసి ఒక్కో వైరుకీ తగిలించుకుంటూ వెళ్ళాడు, మాకు 16 ప్లేట్ల చొప్పున ఆరు లైన్లు, ఐదింటికి కరెంటు చూపిస్తోంది, ఆరోదాని దగ్గర సున్నా. ప్లేట్ల కింద పడుకుని వెతికితే ఒక కనెక్టర్ నల్లగా కరిగిపోయి ముద్దయి ఉంది, చేతిలో పెట్టి చూపించాడు, ఇంకా కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోంది. కిలోవాటుకి రోజుకి సుమారు 4 యూనిట్లు వేసుకున్నా ఆ ఒక్క లైను వల్ల రోజుకి 20 యూనిట్లు పోతున్నట్టు, ఎన్ని నెలల నుంచి పోతున్నాయో దేవుడికే తెలియాలి. ఆ కనెక్టర్ ఖరీదు నేను చెప్తే నమ్మరు, మా స్టాఫ్ రూమ్‌లో ఒకరోజు టీ టిఫిన్ ఖర్చంత కూడా లేదు.

తర్వాత ఉప్పు సంగతి. సముద్రం దగ్గర ఉన్నవాళ్ళకి తెలుసు కదా, ఇంట్లో గేటు మేకులు కూడా తుప్పు పట్టిపోతాయి. ప్లేటు కింది అంచున వేలు పెట్టి గీసి చూపించాడు, దుమ్మూ ఉప్పూ కలిసి తెల్లగా చారలా గడ్డకట్టింది, పైన ఎంత శుభ్రంగా ఉన్నా ఆ అంచున నీడ పడితే ప్లేటు మొత్తం ఇచ్చే కరెంటు తగ్గిపోతుందట. ఫ్రేముల బోల్టులు సగం తుప్పు, వాటిని స్టెయిన్‌లెస్ స్టీల్‌వి మార్చి స్టాండ్లకి జింక్ పెయింట్ వేశారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది, వాటర్ ట్యాంకులు ఎగిరిపోవడం కళ్ళారా చూశాం, అందుకే బోల్టుల దగ్గర ఎవరూ బేరం ఆడొద్దని నా మనవి. ఇంకో మాట, తుఫానుకి లైన్లో కరెంటు పోతే మాలాంటి ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే కరెంటు లైనుకి కలిపి నడిచేది, కూడా ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకూడదని దాన్ని అలాగే తయారుచేస్తారు. చాలామంది ఇది తెలీక తర్వాత తిట్టుకుంటారు, వీళ్ళు ముందే చెప్పారు.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఇది. మా దగ్గర డబ్బు లేదు, ఏ స్కీమూ రాదు అని ఉన్నదున్నట్టు చెప్తే, నెలనెలా మేము రానక్కర్లేదు మేడం, మూడు నెలలకోసారి వచ్చి చెక్ చేస్తాం, కడగడం మీవాళ్ళకి నేర్పిస్తాం అన్నారు. మా అటెండర్‌నీ ఎనిమిది మంది పిల్లల్నీ కూర్చోబెట్టి నేర్పించారు. పొద్దున్న ఏడు లోపే కడగాలి, ఎండకి కాలిన ప్లేటు మీద చల్లటి నీళ్ళు పోయకూడదు, బోరు నీళ్ళు వాడితే తెల్ల మచ్చలు పడతాయి. మరి మంచి నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలి అంటే, కంప్యూటర్ ల్యాబ్ ఏసీల నుంచి ఊరికే కారిపోయే నీళ్ళు డ్రమ్ములో పట్టుకోమన్నారు. ఇన్నేళ్ళు ఫిజిక్స్ చెప్తున్న నాకు తట్టలేదు ఆ ఐడియా! రోజూ ఇన్వర్టర్ మీద యూనిట్లు చూసి ఒక రిజిస్టర్‌లో రాస్తున్నారు పిల్లలు, నెలాఖరుకి ఈపీడీసీఎల్ కరెంటు బిల్లుతో సరిచూస్తారు. ఆ రిజిస్టర్ చూపించబట్టే వీళ్ళ సర్వీస్ ఖర్చుని మామూలు రిపేర్ల బడ్జెట్‌లో, ఫినాయిల్, బల్బుల పక్కన ఒక లైనుగా రాయించగలిగాం. ఎకో క్లబ్ పేరు మీద ఉన్నన్నాళ్ళూ ప్రతి మార్చిలో కొట్టేసేవాళ్ళు, అక్కడికి మార్చాక రెండేళ్ళుగా ఎవరూ చెయ్యి పెట్టలేదు, మధ్యలో ఇంకో ప్రిన్సిపాల్ మారినా సరే.

తగ్గించిన అర ఎందుకంటే, బిల్లు ఇవ్వడంలో చాలా బద్ధకం. మా అకౌంట్స్ వాళ్ళకి జీఎస్టీ నంబరుతో సరైన బిల్లు లేకపోతే చెక్ కదలదు, ఒకసారి దాని కోసం నేనే మూడు వారాలు తిరిగాను. వర్షాకాలంలో చెప్పిన రోజుకి రారు కూడా, ఫోన్ చేసి చెప్తే సర్దుకుంటాం కదా, ఆ ఫోనే రాదు.

స్కూళ్ళు, హాస్టళ్ళు, కాలేజీల వాళ్ళు ఎవరైనా పిలుస్తుంటే పొద్దున్న పది లోపు ఫోన్ చెయ్యండి, తర్వాత డాబాల మీద ఉంటారు, ఎత్తరు. క్లాంప్ మీటరుతో ఒక్కో లైనూ మీ ఎదురుగానే చూపించమని అడగండి, విసుక్కోకుండా చూపిస్తారు. సైన్స్ బ్లాక్ మీద 10 కిలోవాట్లకి ఈసారి సబ్సిడీ లెక్కలోకే తీసుకోకుండా కొటేషన్ అడిగాం, వచ్చే శనివారం కొలతలకి వస్తామన్నారు. వర్షం పడకపోతే.