పఫర్ ట్యాంకుకి రొయ్యల చెరువు రిఫ్రాక్టోమీటర్: వాడి చూసి రాస్తున్న రివ్యూ

పఫర్ చేప (బెదిరితే బంతిలా ఉబ్బేది) పెంచాలనుకునేవాళ్లలో చాలామంది ముందు చేప కొనేసి, మిగతావన్నీ తర్వాత చూసుకుందాం అనుకుంటారు. దయచేసి ఆ వరస తిరగెయ్యండి. ముందు రిఫ్రాక్టోమీటర్ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే పరికరం), దాని వెంటే అమ్మోనియా చూసే చుక్కల టెస్ట్ కిట్, తర్వాత మెరైన్ సాల్ట్ (సముద్రపు నీళ్లలోని ఖనిజాలు కలిపి చేసే అక్వేరియం ఉప్పు), అన్నిటికన్నా చివర చేప. నేను వాడుతున్నది భీమవరంలో ఆక్వా మందుల షాపుల్లో రొయ్యల రైతులు కొనే మామూలు చేతి రిఫ్రాక్టోమీటరే, దాని మీద పెద్ద కంపెనీ పేరేమీ లేదు, రెండు వేల లోపే వచ్చింది. గ్రీన్ స్పాటెడ్ పఫర్ కోసం పెట్టిన 150 లీటర్ల ట్యాంకుని మొదటి నుంచీ దీంతోనే నడుపుతున్నాను, అయిదుకి నాలుగున్నర ఇస్తాను.

అసలు ఉప్పు ఎందుకు అనేవాళ్లకి ఒక మాట. షాపుల్లో పచ్చగా, నల్ల చుక్కలతో, వేలెడంత ఉండే ఈ చేపని చాలా చోట్ల మంచినీళ్ల చేపగానే అమ్ముతారు. చిన్నప్పుడు మంచినీళ్లలో బతుకుతుంది నిజమే, కానీ ఇది ఏరు సముద్రంలో కలిసే చోట, మడ అడవుల్లో తిరిగే చేప. పెరిగేకొద్దీ ఉప్పు పెరగాలి, లేకపోతే నీరసించి జబ్బుల పాలవుతుంది. పిల్లకి స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్లతో పోలిస్తే ఈ నీళ్లు ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) 1.005 దగ్గర మొదలుపెట్టి, పెద్దయ్యాక 1.015 పైకి తీసుకెళ్లాలి. పూర్తిగా పెరిగితే 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది, బాగా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది. ఫిగర్ ఎయిట్ పఫర్ అయితే చిన్నది, దానికి తక్కువ ఉప్పు చాలు. కేరళ నదుల్లో దొరికే పొట్టి పఫర్‌కి అసలు ఉప్పే అక్కర్లేదు. అన్నీ పఫర్లే కదా అని ఒకే నీళ్లు పెట్టేస్తే చేపకి అన్యాయం చేసినట్టే, మీరు తెచ్చేది ఏ రకమో ముందు ఖాయం చేసుకోండి.

ఇక పరికరం సంగతి. నీలం రంగు ప్రిజం మీద రెండు చుక్కల నీళ్లు వేసి, పైన పారదర్శకంగా ఉండే మూత నెమ్మదిగా వాల్చాలి. కింద బుడగ చిక్కుకుంటే మూత ఎత్తి మళ్లీ వెయ్యాలి. తర్వాత కిటికీ వైపు తిప్పి కంటికి ఆనించి చూస్తే పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి, ఆ రెండూ కలిసే గీత ఏ అంకె మీద ఉందో అదే రీడింగ్. ఒకవైపు స్పెసిఫిక్ గ్రావిటీ, ఇంకోవైపు పీపీటీ (వెయ్యి పాళ్ల నీళ్లలో ఉప్పు ఎన్ని పాళ్లో) ఉంటాయి. నేను పీపీటీ వైపే చూస్తాను, ఎందుకంటే గ్రావిటీ గీతలు మరీ దగ్గర దగ్గరగా ఉండి 1.005కీ 1.006కీ తేడా కళ్లు చికిలించి చూడాలి, అదే పీపీటీలో 7 అని హాయిగా తెలిసిపోతుంది.

సున్నా సరిచెయ్యడానికి కొళాయి నీళ్లు వాడకండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు వేసి, గీత సున్నా మీదకి వచ్చేదాకా చిన్న స్క్రూ తిప్పితే అయిపోతుంది. ఇలాంటి చవక రిఫ్రాక్టోమీటర్లు చాలావరకు సముద్రపు నీళ్లకి కాకుండా ఉత్త ఉప్పు ద్రావణానికి లెక్కకట్టి చేస్తారు, అందుకే 35 పీపీటీ దగ్గర కాస్త తేడా చూపిస్తాయి, పగడాలు పెంచేవాళ్లకి ఆ తేడా పెద్దదే. మన పఫర్ పిల్ల ట్యాంకు 7, 8 పీపీటీ దగ్గర నడుస్తుంది కాబట్టి అక్కడ ఆ తేడా లెక్కలోకి రాదు. చేప పెద్దయి ఉప్పు బాగా పెంచేటప్పుడు మాత్రం 35 పీపీటీ క్యాలిబ్రేషన్ ద్రావణం ఒక చిన్న సీసా తెచ్చుకుని ఆ అంకె దగ్గర కూడా సరిచూసుకోండి.

అర మార్కు తగ్గించింది ఎండాకాలం వల్ల. వీటిలో ఆటోమేటిక్ టెంపరేచర్ కాంపెన్సేషన్ (వేడికి తగ్గట్టు రీడింగ్‌ని అదే సర్దుకోవడం) అని రాసి ఉంటుంది గానీ అది సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే పనిచేస్తుంది. మే నెలలో మన ఇళ్లలో మధ్యాహ్నం గది వేడే 35 దాటుతుంది, అప్పుడు చూసిన రీడింగ్ నమ్మడానికి లేదు. పొద్దున్నే చూడండి, ప్రిజం మీద చుక్క వేశాక అర నిమిషం ఆగి చూడండి. ఉప్పు చూడ్డానికే వాడే, ముల్లు లేచే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ చవకగా వస్తుంది కదా అని కొందరు అడుగుతారు, వద్దంటాను. ముల్లుకి ఒక్క బుడగ అంటుకున్నా, ఉప్పు పేరుకున్నా అంకె మారిపోతుంది.

ఇప్పుడు సైక్లింగ్. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా తయారై చేప వదిలే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే స్థితికి రావాలి, దానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పఫర్‌కి పొలుసులు ఉండవు, పైగా ఇది మాంసం తినే, గలీజు చేసే చేప, కాబట్టి చేపని పెట్టి సైకిల్ చెయ్యడం అస్సలు వద్దు. నేను అమ్మోనియం క్లోరైడ్ వాడాను, అంటే మన నవాసారమే, కాకపోతే కళాయి పోసేవాళ్ల దగ్గర దొరికేది కాకుండా ల్యాబ్ సామాన్ల షాపులో దొరికే శుభ్రమైనది. 150 లీటర్లకి సుమారు ఒక గ్రాము వేస్తే 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తుంది. పచ్చి రొయ్య ఒకటి పడేసి కుళ్లనిస్తే కూడా పని జరుగుతుంది గానీ ఇల్లంతా కంపు, ఎంత అమ్మోనియా వచ్చిందో చేతిలో ఉండదు.

ఇక్కడే ఉప్పు వరస ముఖ్యం. మంచినీళ్లలో సైకిల్ పూర్తి చేసి ఒక్కసారిగా ఉప్పు కుమ్మరిస్తే బ్యాక్టీరియా దెబ్బ తిని సైకిల్ ఆగిపోతుంది. పిల్ల ఏ ఉప్పులో ఉండాలో మొదటి రోజే ఆ ఉప్పు కలిపేసి సైకిల్ చెయ్యండి, 150 లీటర్లకి 7 పీపీటీ రావాలంటే కిలో పైచిలుకు మెరైన్ సాల్ట్ చాలు. తర్వాత పెంచేటప్పుడు వారానికి స్పెసిఫిక్ గ్రావిటీ 0.002 మించకుండా, నీళ్లు మార్చే రోజున కొత్త నీళ్లలో కలిపి పోయండి. వంటింటి ఉప్పు, కల్లుప్పు వాడితే రిఫ్రాక్టోమీటర్ అంకె బాగానే చూపిస్తుంది, కానీ అందులో కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు సరిపడా ఉండవు కాబట్టి పీహెచ్ 8 దగ్గర నిలబడదు. డబ్బులు మిగుల్చుకోవాల్సిన చోటు ఇది కాదు.

టెస్ట్ కిట్ ఏపీఐ అనే కంపెనీ వాళ్లది వాడుతున్నాను, స్ట్రిప్పులు కాదు, చుక్కలు వేసేది. 5 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు సీసాల నుంచి ఎనిమిదేసి చుక్కలు వేసి అయిదు నిమిషాలు ఆగితే అమ్మోనియా లేనప్పుడు పసుపు, ఉన్నకొద్దీ పచ్చదనం. పగటి వెలుగులో తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. నైట్రేట్ రెండో సీసాని 30 సెకన్లు గట్టిగా ఊపాలని కాగితంలోనే ఉంది, ఆ ముక్క వదిలేస్తే రీడింగ్ తక్కువ వస్తుంది. నైట్రైట్ ఊదా రంగులో ఉన్నన్నాళ్లూ నైట్రేట్ అంకెని పట్టించుకోకండి, ఆ టెస్ట్‌కి నైట్రైట్ కూడా కలిసి వస్తుంది. 2 పీపీఎం వేసిన మర్నాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే ట్యాంకు సిద్ధం. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే అదే అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు పది రెట్లు అవుతుంది. ఉప్పు నీళ్ల ట్యాంకులో "అమ్మోనియా 0.25 ఏగా, పర్లేదు" అని ఊరుకోకూడదు అనేది ఇందుకే.

మా వైపు వాళ్లు తప్పకుండా అడిగేది, బోరు నీళ్లలోనే ఉప్పు ఉంది కదా, ఉప్పుటేరు దగ్గరే ఉంది కదా, మళ్లీ ఉప్పు కొనడమెందుకని. ఉప్పు బోరు నీళ్లలో సాధారణంగా పొటాషియం తక్కువ, అందుకే రొయ్యల రైతులు పొటాష్ కొట్టుకుంటారు. ఏటి నీళ్లతో పాటు చెరువుల మురుగూ రోగాలూ వస్తాయి. నేను ఆర్వో నీళ్లలో ఉప్పు కలుపుతాను. కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టి వాడుకోవచ్చు.

చేప వచ్చాక కూడా రిఫ్రాక్టోమీటర్ మూలన పడదు. నీళ్లు ఆవిరైతే ఉప్పు లోపలే ఉండిపోతుంది, వేసవిలో మట్టం తగ్గేకొద్దీ పీపీటీ పైకి పాకుతుంది. తగ్గినంతా ఉప్పు లేని నీళ్లతోనే నింపాలి. వాడిన ప్రతిసారీ ప్రిజాన్ని మంచినీళ్లతో కడిగి మెత్తటి బట్టతో తుడవండి, లేకపోతే ఉప్పు తెల్లగా పట్టి గీత మసకబారుతుంది. కొనేటప్పుడు 0 నుంచి 100 పీపీటీ అని ఉన్నదే అడగండి, చెరకు రసానికీ తేనెకీ వాడే, తీపి కొలిచే బ్రిక్స్ రకం కూడా అచ్చం అలాగే ఉంటుంది. షాపులోనే డిస్టిల్డ్ వాటర్ వేయించి, గీత పదునుగా, సున్నా దగ్గర నిలకడగా ఉందో లేదో చూసుకుని డబ్బులు కట్టండి.