172 కిలోమీటర్లు: ఆకాశ దూరాల యాప్ నాలుగేళ్ళు వాడాక

ఉద్యోగరీత్యా కెనడా ఉత్తర కొసన, బాఫిన్ దీవిలోని ఇకాలుయిట్‌లో ఉంటున్నాను. కంప్యూటర్ నెట్‌వర్క్ పని మీద చుట్టుపక్కల ఊళ్ళు తిరగాలి. మా ప్రాంతమైన నునావుట్‌లో 25 ఊళ్ళుంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. అందుకే రెండు ఊళ్ళ మధ్య ఆకాశ దూరం (నేరుగా ఎగిరితే అయ్యే దూరం) చెప్పే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను.

లెక్కలో వంక పెట్టడానికి లేదు. గోడ మీది మెర్కేటర్ పటంలో (గుండ్రటి భూమిని చదునుగా పరిచి గీసిన మామూలు ప్రపంచ పటం) స్కేలు పెట్టి కొలిస్తే మోసపోతాం. 66 డిగ్రీల అక్షాంశం దగ్గర అది దూరాలను దాదాపు రెండున్నర రెట్లు సాగదీస్తుంది. హైదరాబాదు దగ్గర ఆ సాగు అయిదు శాతం కూడా ఉండదు కాబట్టి మన కంటికి ఈ తేడా అలవాటు లేదు. యాప్ మాత్రం భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఇకాలుయిట్ నుంచి పాంగ్నిర్టుంగ్ 300 కి.మీ., అక్కణ్ణుంచి కికిక్తర్జువాక్ సుమారు 172.

తంటా అంతా ఈ 172తోనే. మొదటిసారి పాంగ్ నుంచి కిక్ (ఇక్కడ అలాగే అంటారు) వెళ్ళాల్సొచ్చినప్పుడు అమ్మకి ఆ అంకె చెప్పాను. "రాజమండ్రి నుంచి బెజవాడంతేగా, మధ్యాహ్నం భోజనం వేళకి చేరిపోతావులే" అంది. నేనూ అదే అనుకున్నాను. తీరా దొరికిన టికెట్టు వెనక్కి ఇకాలుయిట్ వచ్చి, విమానం మారి, మళ్ళీ 470 కి.మీ. ఉత్తరానికి. మొత్తం 770.

ఆ వెనక్కి తెచ్చే విమానం కూడా ఆ రోజు రాలేదు. పాంగ్‌లో కంకర రన్‌వే ఊరి నడిబొడ్డునే ఉంటుంది, చుట్టూ కొండలు. ఫియర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) వెంట దూసుకొచ్చే గాలికి బయట గాలివాటం చూపే నారింజరంగు గుడ్డగొట్టం కర్రలా బిగుసుకుపోయింది. నా పక్కన అమౌటి (బిడ్డను మోసే సంచి ఉన్న ఇక్కడి ఆడవాళ్ళ కోటు) తొడుక్కున్న ఒకావిడ, వీపు మీది సంచిలో పసిబిడ్డ నిద్రపోతున్నాడు. ఆవిడ కిటికీలోంచి ఒక్కసారి చూసి, కౌంటర్లో ఏమీ చెప్పకముందే సామాను తీసుకుని ఇంటికెళ్ళిపోయింది. నేను మూడు గంటలు కూర్చున్నాను. విమానం మూడో రోజు వచ్చింది. ముందు భాగమంతా సరుకులు, వెనక సీట్లలో మేము.

ఆ ఖాళీలో యాప్‌లో పాంగ్ నుంచి కిక్‌కి గీసిన గీతనే చూస్తూ గడిపాను. అది ఆయుయిట్టుక్ జాతీయ పార్కు మీదుగా పోతుంది. అక్కడి అక్షాయుక్ కనుమలో 97 కి.మీ. దారిని కాలినడకన దాటేవాళ్ళున్నారు. వాళ్ళంటే నాకు చాలా గౌరవం.

ఇప్పుడు ఊరి పేర్లు టైపు చేయను. టికెట్టు మీది వరసలోనే విమానాశ్రయ సంకేతాలు కొడతాను: వైఎక్స్‌పీ (పాంగ్), వైఎఫ్‌బీ (ఇకాలుయిట్), వైవీఎం (కిక్). అప్పుడు వచ్చే మొత్తమే నా ప్రయాణం. మజిలీలు కలిపే ఈ సౌకర్యం మెనూలో అడుగున దాక్కుని ఉంది, నాకు రెండేళ్ళకి గానీ కనబడలేదు. దాన్ని పైకి తెస్తే ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి, ప్రస్తుతానికి నాలుగు. ఇటువైపు ఉద్యోగానికి వచ్చే మనవాళ్ళు యాప్ వేసుకోండి, మందులు మాత్రం మూడు రోజులకి సరిపడా చేతిసంచిలో పెట్టుకోండి.