సోలార్ పెట్టిస్తున్నారా? నెట్ మీటర్ వచ్చేదాకా స్విచ్ వేయకండి, డబ్బంతా ఇచ్చేయకండి

మాది గుంటూరు, పట్టాభిపురం. ఈ మార్చిలో డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. 1,95,000కి మాట్లాడుకున్నాం. "78,000 సబ్సిడీ మీ ఖాతాలోనే పడుతుంది సార్, మీకు పడేది 1,17,000" అని సోలార్ బిగించే అతను కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. కేంద్రం వాళ్ల పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 ఇచ్చే మాట నిజమే. మతలబు వేరేచోట ఉంది.

ప్యానెళ్లు బిగించిన రోజే 90 శాతం పట్టుకెళ్లాడు. మా ఆవిడ అంటూనే ఉంది, నెట్ మీటర్ ఇంకా రాలేదుగా అని. నేనే వినలేదు.

వెళ్తూ వెళ్తూ "నెట్ మీటర్ వచ్చేదాకా ఎండ వృథా ఎందుకు, ఆన్ చేసుకోండి" అన్నాడు. చేశాం. ఇన్వర్టర్ మీద రోజుకి 12, 13 యూనిట్లు కనపడుతుంటే సంబరం. తీరా బిల్లు చూస్తే తగ్గలేదు సరికదా, పెరిగింది! ఓ మధ్యాహ్నం ఇంట్లో ఫ్రిజ్ తప్ప ఏమీ నడవని టైంలో మీటర్ దగ్గర నిలబడ్డా. ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటోంది. సోలార్ బ్రేకర్ దించితే నిదానించింది. లైన్‌మన్ వచ్చి చూసి నవ్వాడు. "ఈ మీటరుకి కరెంటు లోపలికొచ్చిందా, బయటికెళ్లిందా తెలీదండీ. కదిలిందంటే లెక్కేసేస్తుంది." అంటే ఇంట్లో వాడగా మిగిలి, మేం లైన్‌లోకి ఉత్తపుణ్యానికి పంపిన సోలార్ కరెంటుకి మేమే డబ్బు కట్టాం. మామూలు మీటర్లు చాలావరకు ఇంతేనట. రెండువైపులా విడివిడిగా లెక్కపెట్టేది నెట్ మీటర్ ఒక్కటే.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. సబ్సిడీ పోర్టల్‌లో ప్యానెళ్ల వివరాలు ఎక్కించాల్సిన రోజు నుంచి అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని డాబా ఎక్కిస్తే, ప్యానెల్ వెనక స్టిక్కర్ చదివి "ఇవి డీసీఆర్ కాదన్నా" అన్నాడు. స్టిక్కర్ మీద మేడ్ ఇన్ ఇండియా అనే ఉంది! కానీ సబ్సిడీ రావాలంటే ప్యానెల్ ఒక్కటే కాదు, లోపల ఎండని కరెంటు చేసే సెల్ కూడా మన దేశంలోనే తయారై ఉండాలి, డీసీఆర్ అంటే అదే. బయటి సెల్ తెచ్చి ఇక్కడ అతికించినవి చవక. ఆ తేడా అతని జేబులోకి, 78,000 బొక్క నాకు.

కొటేషన్‌లో "డీసీఆర్" అనే మాట, కంపెనీ, మోడల్ రాయించుకోండి. ప్యానెళ్లు పైకి ఎక్కించకముందే స్టిక్కర్లు, సీరియల్ నంబర్లు ఫొటో తీసుకోండి, ఎక్కించాక వంగి చూడటం మన వల్ల కాదు. అతని పేరు పోర్టల్‌లో మన డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) వెండర్ల జాబితాలో ఉందో లేదో చూడండి. నెట్ మీటర్ బిగించేదాకా కనీసం పాతిక శాతం మీ చేతిలో ఉంచుకోండి. అన్నట్టు, బ్యాటరీ లేని సిస్టమ్ కరెంటు పోతే ఎంత ఎండున్నా ఆగిపోతుంది, అదీ నాకెవరూ చెప్పలేదు.

మిగిలిన 19,500 నా దగ్గరే ఉంది. దానికోసమైనా ఫోన్ చేస్తాడేమోనని చూస్తున్నా.