నిలువురాళ్ల వయసు తేల్చడానికి కార్బన్ మేలా, ఓఎస్ఎల్ మేలా?

ఇనుపయుగంలో నిలబెట్టినవని చెప్పే ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినప్పటి నుంచి పాలమూరు మిత్రులు అదే పనిగా అడుగుతున్నారు: కార్బన్ పరీక్ష చేయిస్తే వయసు తేలిపోదా? ఇంకొందరిదేమో కార్బన్ పాతబడింది, ఓఎస్ఎల్ (మట్టి రేణువుల్లో పేరుకున్న రేడియేషన్‌ను వెలుతురుతో కొలిచే పరీక్ష) ఉండగా అదెందుకన్న వాదన.

కార్బన్ పరీక్ష ఒకప్పుడు ప్రాణమున్న వాటి వయసే చెబుతుంది, కనుక రాయికి ఉండదు. రాయి కింద దొరికిన బొగ్గుకు ఉంటుంది. ఆ బొగ్గు రాయి నిలబెట్టిన నాటిదా, అంతకు ముందెప్పుడో కాలిన చెట్టుదా, ఎలుక బొరియలోంచి జారిందా అన్నది ల్యాబుకు తెలియదు, తవ్వినవాళ్లే చెప్పాలి. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే వస్తుంది. తమిళనాడు శివగళైలో ఒక కుండలోని వడ్లకు క్రీ.పూ. 1155 వచ్చింది, మరోచోట బొగ్గుకు క్రీ.పూ. 3345. రెండూ ఒకే కుండలోవి కావు కనుక ఒకటి తప్పనలేం. అయినా అక్కడి ఇనుము వయసంటూ పతాక శీర్షికకెక్కింది బొగ్గు తేదీయే. ముసలి చెట్టు నడిమి చేవ కాలిన బొగ్గయితే, చెట్టు కొట్టిన నాటికన్నా వందేళ్లకు పైగా పాత తేదీ రావచ్చు. ఏడాదిలో పండి ఎండే గింజతో ఆ పేచీ లేదు.

మనకు ఇంకో చిక్కుంది. క్రీ.పూ. 800 నుంచి 400 దాకా కార్బన్ సవరణ రేఖ (ల్యాబు అంకెను క్యాలెండర్ ఏళ్లలోకి మార్చే గీత) దాదాపు చదునుగా ఉంటుంది. ఆ నాలుగు వందల ఏళ్లలో ఎప్పటి నమూనా ఇచ్చినా ఇంచుమించు ఒకే జవాబు. మన రాక్షసగుళ్లలో (పెద్ద రాళ్లతో కట్టిన పాత సమాధుల్లో) చాలావాటిని ఉంచే ఇనుపయుగంలో ఈ కాలమూ కలిసే ఉంది.

ఓఎస్ఎల్ రాతి గుంత అడుగున ఉన్న మట్టి చివరిసారి ఎండ చూసిందెప్పుడో చెబుతుంది. రాయి నిలబెట్టాక ఆ మట్టికి ఎండ తగలదు, మనం అడిగేదీ ఆ తేదీయే గనుక నిలువురాళ్లకు నా ఓటు దీనికే. లోపం మామూలుగా 5 నుంచి 10 శాతం, అంటే 3000 ఏళ్లకు 150 నుంచి 300 ఏళ్లు అటూ ఇటూ. అయితే మట్టి ఏడాదికి ఎంత రేడియేషన్ తింటుందో ఆ గుంతలోనే కొలవాలి. నల్లగొండ వైపు లంబాపురం, పెద్దగట్టులో యురేనియమే ఉంది. ఎక్కడివో సగటు అంకెలు తెచ్చి ఇక్కడ వేస్తే వయసు తారుమారవుతుంది. కృష్ణ ఒడ్డున మట్టి తేమనూ లెక్కగట్టాలి. చెదలు, నాగలి కలిపేసిన పైమట్టి అసలు పనికిరాదు. పడిపోయిన రాయిని తర్వాతెవరో మళ్లీ నిలబెట్టి ఉంటే వచ్చేది ఆ రెండోసారి తేదీ.

రాక్షసగుళ్లలో గింజ దొరికితే మాత్రం కార్బనే. పెంకుల మీద థర్మోల్యూమినిసెన్స్ (కుండ చివరిసారి కాలిందెప్పుడో చెప్పే పరీక్ష) తోడుగా సరే.

డీఎన్ఏ మాటంటారా, హరియాణాలోని హరప్పా నాగరికత చోటు రాఖీగఢీలో 61 నమూనాలు చూస్తే అక్కరకొచ్చింది ఒక్కటి. మన ఎండలకు, చెల్క నేలకు ఎముకే సరిగా మిగలదు. రాతి మీది గుంటల్లో సప్తర్షి మండలాన్ని చూసి తేదీ కట్టడం ఇంకా బలహీనం. అన్ని గుంటలున్నచోట ఏడింటిని ఏరుకోవడం ఎవరికైనా సులువే.