ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు

ఒకేసారి మూడు నాలుగు పుస్తకాలు చదివే అలవాటున్నవాళ్ళు ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లోని ఆబిడ్స్ వెళ్ళాల్సిందే, మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన గుట్టల్లో ఏది చేతికొస్తుందో చెప్పలేం, బేరమాడితే ధర కూడా దిగుతుంది. నాకిప్పుడు నడుస్తున్నవి రెండూ అక్కడివే. రాత్రిపూట దాశరథి రంగాచార్య నవల ‘చిల్లర దేవుళ్ళు’, నిజాం కాలపు తెలంగాణ పల్లె, గబగబా చదివేసేది కాదు. మెట్రోలో మాత్రం సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. మొత్తం 100 చిన్న కథలు, బాపు బొమ్మలు. అమీర్‌పేటలో రైలు మారేలోపు ఒకటి అయిపోతుంది, ఎక్కడ ఆపామో అన్న టెన్షన్ ఉండదు. తెలుగువి ఇంగ్లీషు గుట్టల అడుగున ఉంటాయి, ఓపిగ్గా వెతకాలి. కొనేముందు చివరి పేజీలున్నాయో లేదో చూసుకోండి, కుట్టు ఊడిపోయినవీ తగులుతుంటాయి.